కమ్యూనిటీ కాలేజీలో అడ్వాన్స్‌డ్ యోగా టీచర్ ట్రైనింగ్: మూడు సెమిస్టర్లు చదివాక నా మాట

ముందే చెప్పేస్తాను. చేతుల మీద నిలబడటం, కాలు తీసి మెడ వెనక పెట్టుకోవడం నేర్చుకుందామనే ఆశతో ఈ కోర్సులో చేరాలనుకుంటే చేరకండి, నిరాశపడతారు. మూడు సెమిస్టర్లలో ఒక్కసారి కూడా మా టీచర్ అలాంటివి చేయించలేదు. అదే, మీ ఎదురుగా డెబ్భై ఏళ్ళావిడ చాప మీద కూర్చోలేక అవస్థ పడుతుంటే ఏం చేయాలో తెలియాలి, నడుం నొప్పి ఉన్నాయన వచ్చి "ఇది నేను చేయొచ్చామ్మా" అని అడిగితే తడబడకుండా జవాబు చెప్పగలగాలి అనుకుంటే మాత్రం, ఇంత తక్కువ డబ్బుకి ఇంత గట్టి చదువు చెప్పే చోటు నేనైతే ఇంకోటి చూడలేదు.

నేనుండేది కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉండే బే ఏరియాలో, దక్షిణం వైపు. 2023 ఆగస్టులో చేరి 2024 డిసెంబర్‌లో పూర్తి చేశాను. కాలేజీ పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి, వాటికోసం ఒక కాలేజీని వేలెత్తి చూపించాలని లేదు. ఫీజు, రిజిస్ట్రేషన్ పద్ధతి రాష్ట్రమంతా ఇంచుమించు ఒకటే కాబట్టి నేను చెప్పేది చాలావరకు మీ ఇంటి దగ్గరి కాలేజీకీ పనికొస్తుంది.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్ళకి ఒక ముక్క. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అంటే ప్రభుత్వం నడిపే రెండేళ్ళ కాలేజీ. ఇంటర్ అయిన పిల్లలు డిగ్రీకి ముందు ఇక్కడ రెండేళ్ళు చదువుకుంటారు, ఉద్యోగం మారదామనుకునేవాళ్ళు వెల్డింగో నర్సింగో నేర్చుకుంటారు, రిటైరైనవాళ్ళు బొమ్మలు వేయడం నేర్చుకుంటారు. వయసు అడగరు, వచ్చినవాళ్ళని పొమ్మనరు. కాలిఫోర్నియాలో ఇలాంటివి వందకు పైగా ఉన్నాయి. ఏడాదికి పైగా ఈ రాష్ట్రంలో నివాసం ఉన్నట్టు చూపిస్తే యూనిట్‌కి 46 డాలర్లు. లెక్చర్ అయితే ఒక యూనిట్ అంటే సుమారు 18 గంటల క్లాసు, ల్యాబ్ అయితే 54 గంటలు. మా కోర్సు మొత్తం 10 యూనిట్లు, అందులో 6 లెక్చర్, 4 ల్యాబ్. లెక్క కడితే 324 గంటలు, 460 డాలర్లు. హెల్త్ ఫీజు, పార్కింగ్, పుస్తకాలు కలుపుకున్నా నాకు 700 దాటలేదు. నేను మొదటి 200 గంటల ట్రైనింగ్, అంటే యోగా టీచర్ అవడానికి అందరూ ముందు చేసే కోర్సు, ఒక ప్రైవేట్ స్టూడియోలో 3,000 డాలర్లు పెట్టి చేశాను. అడ్వాన్స్‌డ్‌కి అదే స్టూడియోలో అడిగితే 4,500 అన్నారు. డబ్బు తేడా చూసే ఇటు వచ్చాననేది నిజం, దాచుకోవడానికేం లేదు. చౌక కదా, చదువు కూడా అలాగే ఉంటుందేమోనన్న అనుమానం మొదటి రోజు వరకూ ఉంది.

మొదటి రోజు ఆసనాలేం లేవు. మ్యాట్ పట్టుకుని వెళ్ళినవాళ్ళందరినీ బయాలజీ బిల్డింగ్‌లో ల్యాబ్‌కి తీసుకెళ్ళారు. బల్ల మీద ఒక అట్టపెట్టె, అందులోంచి టీచర్ రెండు తొడ ఎముకలు తీశారు, ప్లాస్టిక్‌వే, కానీ ఇద్దరు వేర్వేరు మనుషుల ఎముకల నుంచి అచ్చు తీసినవట. పక్కపక్కన నిలబెట్టారు. ఒకదాని తల, అంటే తుంటి గిన్నెలో కూర్చునే గుండ్రటి భాగం, నిటారుగా పైకి చూస్తోంది. రెండోదాని మెడ బాగా పక్కకి వంగి, కాస్త ముందుకి తిరిగి ఉంది. చేత్తో పట్టుకుని చూస్తే అవి రెండూ ఒకే జాతి ప్రాణివంటే నమ్మబుద్ధి కాలేదు. ఆ తర్వాత తుంటి గిన్నెలో ఒక్కోదాన్నీ పెట్టి పక్కకి తిప్పి చూపించారు. మొదటిది చాలా దూరం హాయిగా తిరిగింది, రెండోది సగంలోనే టక్కుమని గిన్నె అంచుకి తగిలి ఆగిపోయింది. ఎంత సాగదీసినా అక్కడ సాగడానికేం లేదు, ఎముకకి ఎముక అడ్డం.

నాకు బద్ధకోణాసనంలో, అంటే పాదాలు రెండూ కలిపి కూర్చునే ఆసనంలో, మోకాళ్ళు కిందికి దిగవు. పదేళ్ళుగా దిగవు. గుంటూరులో నాకు మొదట నేర్పిన మాస్టారు దగ్గర్నుంచి ఇక్కడి స్టూడియో వరకు అందరూ చెప్పింది ఒకటే, తుంటి బిగుసుకుపోయింది, సాధన చెయ్యి, వస్తుంది. ఒకరిద్దరు మోకాళ్ళ మీద చేతులు పెట్టి నొక్కారు కూడా. ఆ రోజు ల్యాబ్‌లో టీచర్ నా పక్కన కూర్చుని ఒకటే ప్రశ్న అడిగారు, "ఆగిపోయినప్పుడు నీకు ఎక్కడ తెలుస్తోంది, తొడ లోపలివైపు లాగినట్టుందా, తుంటి బయటివైపు ఒత్తుకున్నట్టుందా?" బయటివైపే. ఎప్పుడూ బయటివైపే. లోపల లాగుతుంటే కండరం, దానికి సాధనతో కొంత సాగే అవకాశం ఉంది. బయట ఒత్తుకుంటుంటే చాలావరకు ఎముకల అమరిక, దాన్ని నొక్కితే దెబ్బ తగలడమే మిగులుతుంది. పదేళ్ళలో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదంటే వాళ్ళని తప్పు పట్టడం లేదు, వాళ్ళకీ ఎవరూ చెప్పి ఉండరు. కానీ ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనతో ఈ సంగతి చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా ఒంటి తప్పేం లేదని తెలియడానికి అంత కాలం పట్టింది.

అనాటమీ మొత్తం ఇలాగే నడిచింది. పేర్లు బట్టీ పట్టించడం తక్కువ, చేత్తో పట్టుకుని చూడటం ఎక్కువ. వెన్నెముకలో మెడ దగ్గర ఏడు పూసలు, ఛాతీ వెనక పన్నెండు, నడుం దగ్గర ఐదు అని స్కూల్లోనే చదువుకున్నాం. కానీ నడుం పూసల కీళ్ళు ఉన్న తీరుకి అవి ఐదూ కలిసినా పక్కకి తిరిగేది చాలా కొద్దిగానని, మెలి తిరిగే పని ఎక్కువగా ఛాతీ పూసలదేనని అక్కడే తెలిసింది. కూర్చుని ఒళ్ళు మెలి తిప్పే అర్ధమత్స్యేంద్రాసనంలో కటిని, అంటే తుంటి ఎముకల భాగాన్ని, నేలకి అతికించినట్టు కదలకుండా పట్టి "నడుం తిప్పండి, ఇంకా తిప్పండి" అని నేనే ఎంతమందికి చెప్పానో. అలా చేస్తే ఆ ఒత్తిడంతా కటికీ వెన్నుకీ మధ్య ఉన్న కీలు మీద పడుతుంది. ఇప్పుడు కటిని కూడా కాస్త తిరగనిస్తున్నాను. చిన్న మార్పే, నా క్లాసులో ఇద్దరికి కింది నడుంలో ఒక పక్క వచ్చే నొప్పి తగ్గింది. గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్ళకి తలకిందులయ్యే ఆసనాలు ఎందుకు వద్దో, ఎముకలు గుల్లబారినవాళ్ళు ముందుకి గుండ్రంగా వంగితే ఏమవుతుందో, ఇవన్నీ కారణంతో సహా చెప్పారు. వద్దు అనడం వరకే తెలిస్తే చాలదు, ఎందుకు వద్దో తెలిస్తేనే దానికి బదులు ఏం చేయించాలో తోస్తుంది.

రెండో సెమిస్టర్ పాఠం చెప్పడం మీద. నాకు బాగా కష్టంగా గడిచింది ఇదే, బాగా ఉపయోగపడింది కూడా ఇదే. త్రికోణాసనం ఒక్కటి చెప్పమన్నారు. రెండేళ్ళుగా చెబుతున్నదే కదా అని ధీమాగా చెప్పాను. టీచర్ దాన్ని ఫోన్‌లో రికార్డ్ చేసి నాకే వినిపించారు. ఒకే ఊపిరి తీసుకునే సమయంలో పదకొండు సూచనలు ఇచ్చాను, కుడి పాదం తిప్పండి, ఎడమ మడమ నొక్కండి, తొడలు బిగించండి, భుజాలు దించండి, మెడ పొడుగు చేయండి, అలా ఆపకుండా. నా ఎదురుగా ఉన్న పాపం పంతొమ్మిదేళ్ళ పిల్ల ఏది ముందు చేయాలో తెలియక మధ్యలో ఆగిపోయి నా మొహం వైపు చూస్తోంది, ఆ చూపు కూడా వీడియోలో ఉంది. ఆ తర్వాత మూడు వారాలు ఒకటే సాధన. ఒక ఊపిరికి ఒక మాట. మొదట ఊపిరి, తర్వాత ఏ అవయవమో, తర్వాత ఎటువైపో. చెప్పాక నోరు మూసుకుని చూడాలి, వాళ్ళ ఒంట్లో ఏం జరిగిందో చూశాకే రెండో మాట. చెప్పకుండా ఉండటం ఇంత కష్టమని నేనెప్పుడూ అనుకోలేదు. పక్కన కూర్చుని ఒకరు మన మాటలు లెక్కపెడుతుంటే టెన్షన్‌తో గొంతు ఎండిపోయేది.

ఇంకో సంగతి, ముట్టుకోవడం. మన దగ్గర మాస్టారు వచ్చి భుజం పట్టి లాగడం, వీపు మీద చెయ్యి పెట్టి నొక్కడం మామూలే, అడిగి చేసేవాళ్ళు తక్కువ. ఇక్కడ ప్రతి మ్యాట్ దగ్గరా ఒక చిన్న చెక్క బిళ్ళ పెడతారు, ఒకవైపు ముట్టుకోవచ్చు, రెండోవైపు వద్దు. క్లాసు మధ్యలో కూడా తిప్పేయొచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. ఇది ఆడవాళ్ళకి ఎంత ధైర్యమిస్తుందో నేను వేరే చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో, విజయవాడలో యోగా చెబుతున్న స్నేహితురాళ్ళకి ఈ ఒక్క పద్ధతీ ఫోన్ చేసి మరీ చెప్పాను.

ప్రాక్టికమ్, అంటే బయటివాళ్ళకి పాఠం చెప్పి నేర్చుకునే భాగం, దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ కోర్సు విలువంతా నా దృష్టిలో అక్కడే ఉంది. ప్రైవేట్ ట్రైనింగ్‌లో ప్రాక్టీస్ టీచింగ్ అంటే తోటి విద్యార్థులకే చెప్పడం. అందరూ యోగా వచ్చినవాళ్ళే, ఏం చెప్పినా చేసేస్తారు, మనకి మనం గొప్ప టీచర్లమనిపిస్తుంది. ఇక్కడ పది వారాలు, ప్రతి మంగళవారం పొద్దున, దగ్గర్లోని సీనియర్ సెంటర్‌కి పంపారు. పద్నాలుగు మంది వృద్ధులు, ఇద్దరికి మోకాలి మార్పిడి అయింది, ఒకాయనకి పక్షవాతం వచ్చి తగ్గింది, ఒకావిడకి వినపడదు. మేం ఇద్దరిద్దరం కలిసి చెప్పాలి, టీచర్ మూల కుర్చీలో కూర్చుని రాసుకుంటూ ఉంటారు.

మూడో వారం అనుకుంటా. చివర్లో శవాసనం. అందరూ పడుకున్నారు, ఒకావిడ మాత్రం పడుకున్నట్టే ఉంది గానీ గడ్డం పైకి లేచి, నుదురు వెనక్కి వాలిపోయి ఉంది. వీపు పైభాగం గూనిగా ఉండటంతో తల నేలకి ఆనాలంటే మెడ వెనక్కి విరవాల్సి వస్తోంది. రెండు వారాలుగా ఆవిడని చూస్తూనే ఉన్నాను, కళ్ళు తెరుచుకుని పడుకోవడం అలవాటేమో అనుకున్నాను. ఆ రోజు బిళ్ళ చూసి, అడిగి, ఒక దుప్పటి రెండు మడతలు పెట్టి తల కింద పెట్టాను. గడ్డం ఇంకా పైనే ఉంది. మూడో మడత వేశాను. అప్పుడు నుదురూ గడ్డం ఒకే ఎత్తుకి వచ్చాయి. ఓ నిమిషం తర్వాత ఆవిడ కళ్ళు మూసుకుంది, రెండు చేతులూ పక్కకి జారిపోయాయి. అప్పటిదాకా ఆ వేళ్ళు చాప అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయని నేను గమనించనే లేదు. క్లాసయ్యాక టీచర్ నా కాగితం మీద రాసింది రెండే ముక్కలు, మూడో వారంలో చూశావు, మొదటి వారంలో చూడాల్సింది. ఆ కాగితం ఇప్పటికీ నా డైరీలో ఉంది.

తోటి విద్యార్థుల సంగతీ చెప్పాలి. ఇరవై రెండు మందిలో ఒక రిటైర్డ్ నర్సు, ఒక పోస్ట్‌మ్యాన్, హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్ ఒకాయన, డాన్స్ చదివే పిల్లలు, ముగ్గురు మెక్సికన్ అమ్మలు, నేను, పంజాబీ ఆవిడ ఒకరు. లావుగా ఉన్నవాళ్ళు, పొట్టివాళ్ళు, కోచ్‌గారైతే వంగితే చేతులు మోకాళ్ళు దాటవు. ఇన్ని రకాల ఒళ్ళని ముందు పెట్టుకుని నేర్చుకోవడం స్టూడియోలో కుదరదు, అక్కడ 4,500 కట్టగలిగినవాళ్ళే వస్తారు. నర్సుగారు బీపీ మందుల గురించి చెప్పింది, కోచ్‌గారు తొడ వెనక కండరం కూర్చునే ఎముక దగ్గర చిరిగితే ఎలా ఉంటుందో తన కాలు చూపించి చెప్పాడు. సగం చదువు వాళ్ళ దగ్గరే దొరికింది.

ఇక నాకు నచ్చనివి.

తత్వశాస్త్రం భాగం బలహీనం. పతంజలి యోగసూత్రాలు, 195 సూత్రాలు, నాలుగు పాదాలు (అధ్యాయాలు), వాటికి కేటాయించింది మూడు వారాలు. యోగానికి ఆధారమైన సాంఖ్య దర్శనం ఒక్క సాయంత్రం. హఠయోగ ప్రదీపిక అనే పాత గ్రంథం గురించి ఇంకో సాయంత్రం, అది కూడా ఇంగ్లీషు అనువాదంలో ఎంపిక చేసిన కొన్ని పేజీలు. ఆ భాగం చెప్పినావిడ నిజాయితీగా కష్టపడింది, తెలియనిది తెలియదంది, అది నాకు గౌరవమే. కానీ అడ్వాన్స్‌డ్ అని పేరు పెట్టాక ఒక్క పాదమైనా మూలంతో, ఒక్కో మాటా విడదీసుకుని చదివించాల్సింది. ఒక్క విషయం మాత్రం ఆవిడ బాగా నాటుకునేలా చెప్పింది, అన్ని సూత్రాల్లో ఆసనం గురించి నేరుగా చెప్పేవి సాధనపాదంలో వరసగా ఉన్న మూడేనని, అందులో కూడా ఏ భంగిమ పేరూ లేదని, నిలకడ, సుఖం, ప్రయత్నం సడలించడం, ఇంతేనని. క్లాసంతా కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఉచ్చారణకి నన్ను సాయం అడిగారు, దీర్ఘం ఎక్కడో, ఒత్తు ఎక్కడో ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. "ఆసనా" అని చివర సాగదీయకుండా "ఆసన" అనడానికి అందరికీ వారం పట్టింది, కానీ అందరూ మనసు పెట్టి నేర్చుకున్నారు.

చరిత్ర మాత్రం బాగుంది. 1893లో షికాగోలో వివేకానంద స్వామి దగ్గర మొదలుపెట్టి, 1920లో బోస్టన్‌లో దిగి 1925లో లాస్ ఏంజిలిస్‌లో కేంద్రం పెట్టుకున్న యోగానంద, మైసూరు ప్యాలెస్‌లో నేర్పిన కృష్ణమాచార్య, ఆయన శిష్యులు అయ్యంగార్, పట్టాభి జోయిస్, కొడుకు దేశికాచార్, ఇలా ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందో చెప్పారు. ఇంద్రాదేవి కథ నాకు కొత్త. యూరప్‌లో, రీగాలో పుట్టిన మనిషి, కృష్ణమాచార్య మొదట నేర్పనంటే మైసూరు మహారాజు చెప్పాక చేర్చుకున్నారట. ఆవిడే 1947లో అమెరికా వచ్చి, హాలీవుడ్‌లో స్టూడియో తెరిచింది. అంటే మేం కూర్చున్న రాష్ట్రానికి యోగా వచ్చిన దారిలో ఒక ఆడమనిషి నేర్చుకుంటానని పట్టుబట్టిన సంగతి కూడా ఉందన్నమాట.

ప్రాణాయామం ఇంకా ఉండాల్సింది. మా తాతయ్య రోజూ సంధ్యావందనంలో ముక్కు పట్టుకుని కూర్చుంటే చిన్నప్పుడు నేను పక్కన కూర్చుని అలాగే పట్టుకునేదాన్ని. ఆయన ఊపిరి ఎంతసేపు ఆపేవారో, ఎంత నిదానంగా వదిలేవారో నాకింకా గుర్తుంది. కోర్సులో నాడీశోధన, భ్రామరి, ఉజ్జాయి చెప్పారు, జాగ్రత్తలు బాగా చెప్పారు, కానీ నాలుగు క్లాసులతో సరిపెట్టారు. అది క్లాసులో వినేస్తే వచ్చేది కాదు, రోజూ కొంచెం కొంచెం చేయిస్తూ ఏడాది పొడుగునా నడిపించాల్సింది.

అసలు ఫిర్యాదు ఆఫీసు మీద. ప్రాక్టికమ్ రెండో భాగం 2024 వేసవిలో ఉండాలి. పిల్లలకి వేసవి సెలవులు, మా అత్తయ్యగారు ఇండియా నుంచి వస్తున్నారు, అన్నీ దానికి తగ్గట్టు సర్దుకున్నాను. మొదలవడానికి ఆరు రోజుల ముందు క్లాసు రద్దయిందని ఈమెయిల్. కారణం, చేరినవాళ్ళు తక్కువ. ఫీజు వెనక్కి ఇచ్చారు, డబ్బు పోలేదు, కానీ సర్టిఫికెట్ ఒక సెమిస్టర్ వెనక్కి పోయింది. ఇద్దరు విడిచిపెట్టి వెళ్ళిపోయారు, వాళ్ళలో ఒకరు మా అందరిలోకీ బాగా చెప్పే మనిషి. తక్కువమంది ఉంటే క్లాసు తీసేస్తారన్నది ఇక్కడ మామూలే, మొదటి రోజే చెప్పి ఉంటే ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలోనే (ఆగస్టు నుంచి మే లోపే) ముగించేలా ప్లాన్ చేసుకునేవాళ్ళం.

రెండోది సర్టిఫికెట్ గొడవ. ఇది చేరాలనుకునేవాళ్ళు శ్రద్ధగా చదవండి. అమెరికాలో యోగా చెప్పడానికి ప్రభుత్వ లైసెన్స్ ఏమీ లేదు. 1999లో మొదలైన యోగా అలయన్స్ అని ఒక సంస్థ ఉంది, అది పేర్లు నమోదు చేసుకుంటుంది అంతే, కానీ చాలా స్టూడియోలు, జిమ్‌లు ఆ నమోదు ఉందా అని అడుగుతాయి. 200 గంటల మీద ఇంకో 300 గంటలు చదివితే 500 స్థాయి, దానికి పాఠం చెప్పిన అనుభవం కూడా వంద గంటలు చూపించాలి. ఆ 300 గంటలు చదివిన చోటు ఆ స్థాయికి వాళ్ళ దగ్గర నమోదై ఉండాలి. కమ్యూనిటీ కాలేజీలన్నీ నమోదై ఉండవు. మాది నమోదైంది, అయినా చివర్లో చేతికిచ్చిన సర్టిఫికెట్ మీద 10 యూనిట్లు అని ఉంది తప్ప గంటలు లేవు. గంటలు రాసిన కాగితం కోసం ఆఫీసుకి ఏడు ఈమెయిళ్ళు రాశాను, నాలుగుసార్లు వెళ్ళాను. ఒకరు డిపార్ట్‌మెంట్‌ని అడగమంటారు, డిపార్ట్‌మెంట్ రికార్డ్స్ వాళ్ళని అడగమంటుంది. రెండు నెలలు పట్టింది. చివరికి మా టీచరే సెలవు రోజు వచ్చి సిలబస్ ముందు పెట్టుకుని లెటర్ టైప్ చేయించి సంతకం పెట్టారు. చేరే ముందే రెండు ప్రశ్నలు అడగండి, ఈ 300 గంటల కోర్సు నమోదైందా, సర్టిఫికెట్ మీద గంటలు రాస్తారా. జవాబు ఈమెయిల్‌లోనే తీసుకోండి.

హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఉన్న మన ఆడవాళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇది కూడా. చదువుకోవడానికి హెచ్-4తో ఇబ్బంది లేదు. డబ్బు తీసుకుని పాఠాలు చెప్పాలంటే మాత్రం వర్క్ పర్మిట్ ఉండాలి. 2015 నుంచి, మీ ఆయనకి ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం అయి ఉంటే ఈఏడీకి, అంటే ఆ వర్క్ పర్మిట్‌కి, అప్లై చేసుకోవచ్చు. అది చేతికి రాకుండా పక్కింటివాళ్ళ దగ్గర పది డాలర్లు తీసుకోవడం కూడా వద్దు, తర్వాత గ్రీన్ కార్డ్ దగ్గర బాధపడేది మీరే. నాకు ఈఏడీ ఉంది, అయినా ఆదివారం క్లాసుకి డబ్బు తీసుకోను.

ఆ ఆదివారం క్లాసు ఈ కోర్సు వల్లే మొదలైంది. మా అపార్ట్‌మెంట్ల కమ్యూనిటీ హాల్లో, ఇండియా నుంచి పిల్లల దగ్గరికి ఆర్నెల్లకి వచ్చే అమ్మానాన్నల కోసం. ఇక్కడికొచ్చాక వాళ్ళకి నడక తగ్గిపోతుంది, చలికి మోకాళ్ళు పట్టేస్తాయి, మాట్లాడే మనిషి ఉండడు. కుర్చీల మీద చేయిస్తాను, అంతా తెలుగులో. ఇంగ్లీషులో నేర్చుకున్నది తెలుగులో చెప్పడానికి నాకు మళ్ళీ కొత్తగా నేర్చుకున్నంత పనైంది. "సిట్ బోన్స్" అని ఇంగ్లీషులో రెండు మాటల్లో చెప్పేస్తారు, దానికి మన నోట్లో ఆడే మాట నాకు తట్టలేదు. "గట్టి బల్ల మీద కూర్చుంటే కింద గుచ్చుకుంటాయి చూడండి, ఆ రెండు ఎముకల మీద బరువు పెట్టండి" అంటే అందరూ సరిగ్గా కూర్చున్నారు. తొడల బలం కోసం గోడకి ఆనించి సగం కూర్చోబెట్టాలి, ఆసనం పేరు చెబితే ఎవరికీ ఎక్కలేదు, "చిన్నప్పుడు స్కూల్లో గోడకుర్చీ వేయించేవాళ్ళు కదా, అదే" అనగానే బాబాయిలంతా ఒక్కసారి నవ్వి గోడ దగ్గరికి నడిచారు. కాకపోతే అంత కిందికి దిగనివ్వను, మోకాలికి ఎంతవరకు హాయిగా ఉంటే అంతే, వెనక కుర్చీ సిద్ధంగా ఉంటుంది.

తెనాలి నుంచి వచ్చిన ఒక పిన్నిగారు మొదటి రోజే నాతో, "అమ్మాయ్, నాకు ఇవన్నీ రావు గానీ, నలుగురూ ఉంటారని వచ్చాను" అన్నారు. ఆవిడకీ వీపు పైన గూని ఉంది. నేను మొదటి రోజే చూశాను. దుప్పటి మూడు మడతలు.

చేరాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. 200 గంటల సర్టిఫికెట్ ఉండాలి, ఒక ఏడాదైనా ఎవరికో ఒకరికి పాఠం చెప్పి ఉంటే మంచిది, లేకపోతే రెండో సెమిస్టర్‌లో చెప్పేవి ఎందుకు చెబుతున్నారో అందవు. వారానికి రెండు సాయంత్రాలు, ఒక శనివారం పొద్దున, ఇంటి దగ్గర చదువు ఇంకో ఐదారు గంటలు, చిన్న పిల్లలుంటే ఇంట్లో సాయం ఉంటే తప్ప కష్టం. పాఠాలు, పరీక్షలు అన్నీ కాన్వాస్ అనే ఆన్‌లైన్ క్లాస్‌రూమ్‌లో ఉంటాయి, కంప్యూటర్ అలవాటు లేకపోతే ముందే లైబ్రరీలో అడిగితే నేర్పిస్తారు. రాష్ట్రానికి కొత్తగా వచ్చినవాళ్ళు ఏడాది నిండేదాకా ఆగండి, లేకపోతే యూనిట్‌కి వందల డాలర్లు అడుగుతారు. మ్యాట్ మీదే తెచ్చుకోవాలి, బ్లాకులు, పట్టీలు వాళ్ళే ఇస్తారు, దుప్పట్లు మాత్రం చాలవు, ఇంటి నుంచి రెండు పట్టుకెళ్ళండి, ఆ జిమ్ గదిలో ఏసీ చలికి అవి వేరే రకంగా కూడా పనికొస్తాయి. క్లాసు నిండిపోయి వెయిట్‌లిస్ట్‌లో పడితే వదిలేయకండి. మొదటి రోజు వెళ్ళి వెనక కూర్చోండి, రానివాళ్ళ సీట్లు ఖాళీ అవుతాయి, టీచర్ దగ్గర యాడ్ కోడ్, అంటే క్లాసులో చేరడానికి ఇచ్చే నంబర్, ఉంటుంది. నేను చేరింది అలాగే, వెయిట్‌లిస్ట్‌లో తొమ్మిదో నంబర్ నుంచి.